ఫైళ్లు మార్చే పని బిల్డ్‌కి అప్పజెప్పండి

(పర్లాకిమిడిలో ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లల కోసం ఒక సాయంత్రం పెట్టిన మాటామంతీలో చెప్పినది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఆ చివరి ఫ్యాను ఒక్కటీ ఆపేయండి బాబూ, దాని గోలే ఎక్కువగా ఉంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు ఒక మాట అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పండి. ఎక్సెల్ ఫైలుని జేసన్, అంటే ప్రోగ్రాములు చదువుకునే టెక్స్ట్ రూపం, చెయ్యాలంటే నెట్‌లో కనబడిన ఏదో ఒక సైటు తెరిచి, ఫైలు అక్కడ ఎక్కించి, వచ్చినదాన్ని దింపుకుని, తెచ్చి ప్రాజెక్టులో పడేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం మంది పైనే. మాస్టారు కూడా ఎత్తారు, సంతోషం. సరే, రెండో ప్రశ్న. నెల తర్వాత ఆ ఎక్సెల్‌లో ఒక ఫోన్ నంబరు మారింది. అప్పుడేం చేశారు? మళ్లీ సైటుకి వెళ్లారా, లేక జేసన్‌లోనే ఆ ఒక్క నంబరూ చేత్తో దిద్దేశారా? నవ్వుతున్నారంటే దిద్దేశారనే కదా అర్థం. ఇప్పుడు మీ దగ్గర రెండు ఫైళ్లున్నాయి, రెండూ ఒకటి కావు. ఏది నిజం?

ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ప్రశ్న గురించే. డేటా ఒక్కచోటే ఉండాలి, మనిషి ముట్టుకునే ఫైలు ఒక్కటే ఉండాలి. మిగతా రూపాలన్నీ, జేసన్ అయినా, అలాంటివే అయిన యామెల్, ప్రాపర్టీస్ అయినా, బిల్డ్, అంటే కోడ్‌ని నడిచే యాప్‌గా తయారుచేసే పని, నడిచిన ప్రతిసారీ వాటంతటవే పుట్టాలి. అలా పుట్టినవాటిని ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. ఆ పని చేసేదే బిల్డ్ టూల్ ప్లగిన్, అంటే బిల్డ్ నడిపే పనిముట్టుకి తగిలించే చిన్న ప్రోగ్రామ్. వినడానికి చిన్న సంగతే. చేసేటప్పుడే చిక్కులన్నీ తెలుస్తాయి, అవి మన ఊరి ఉదాహరణలతోనే చెప్తాను.

మనకి ఒక యాప్ ఉందనుకుందాం. పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్, గుణుపురం వర్తకుల ఫోన్ డైరెక్టరీ. దుకాణం పేరు తెలుగులో ఒక గడి, ఒడియాలో ఒక గడి, ఇంగ్లీషులో ఒక గడి, చిరునామా, ఎస్టీడీ కోడ్, ఫోను, పిన్‌కోడ్. ఈ జాబితా ఎవరి దగ్గర ఉంటుంది? బజారులో ఒక పెద్దాయన దగ్గర ఉంటుంది. ఆయన దాన్ని ఎక్సెల్‌లోనే రాస్తారు. ఆయన్ని "బాబాయిగారూ, ఇకనుంచి జేసన్‌లో రాయండి" అనగలమా? అనకూడదు కూడా. ఆయనకి అలవాటైన చోట ఆయన రాస్తారు, మన బాధ మనం పడాలి. కానీ ఫోన్ యాప్‌కి జేసన్ కావాలి, జావా సర్వర్‌కి మూడు భాషల ప్రాపర్టీస్ ఫైళ్లు కావాలి, ఇంకోచోట ఎవరో యామెల్ అడుగుతారు. ఒక్క జాబితా, మూడు నాలుగు రూపాలు.

మన తాతల కాలం నాటి చిన్నరైలు గురించి వినే ఉంటారు. 1900లో నౌపడ నుంచి మన ఊరికి వేసిన లైను, రెండున్నర అడుగుల గేజి. నౌపడలో మెయిన్ లైను పెద్ద గేజి. ఇక్కడి బియ్యం బస్తా మెయిన్ లైను ఎక్కాలంటే నౌపడలో దింపి, మోసుకెళ్లి మళ్లీ ఎక్కించాలి. దారిలో ఏ బస్తా చిరిగిందో, ఎన్ని గింజలు రాలాయో లెక్క ఎవరు పెట్టారు? చేత్తో ఫైలు మార్చడం అంటే సరిగ్గా అదే. గింజలు రాలతాయి, రాలినట్టు ఎవరికీ తెలీదు.

బిల్డ్ టూల్ అంటే మీకు తెలుసు, కానీ ఒక్క నిమిషం. దీని మూలపురుషుడు మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఆలోచన ఒక్కటే. ఈ ఫైలు ఆ ఫైలు నుంచి పుడుతుంది, అసలుది కొత్తదైతే పుట్టినదాన్ని మళ్లీ పుట్టించు, లేకపోతే ఊరుకో. కొత్తదా పాతదా అన్నది మేక్ ఫైలు మీద ఉన్న టైము చూసి తేలుస్తుంది. జావావాళ్లు వాడే బిల్డ్ టూల్ గ్రేడిల్ అలా కాదు, ఫైలు లోపలున్న సరుకు చూస్తుంది, దానికో హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి గుర్తు, కట్టి దాచుకుంటుంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఒక బ్రాంచి (కోడ్‌లో ఒక పాయ) నుంచి ఇంకో బ్రాంచికి వెళ్లి వెనక్కి వచ్చారనుకోండి, ఆ రెండింట్లో వేరుగా ఉన్న ఫైళ్ల మీద టైములు మారిపోతాయి. మేక్ కంగారుపడి వాటి మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ చేస్తుంది. గ్రేడిల్ మాత్రం లోపలి సరుకు మారలేదు కాబట్టి "అప్ టు డేట్" అని ఒక ముక్క రాసి ముందుకెళ్లిపోతుంది.

గ్రేడిల్‌లో మన సొంత ప్లగిన్ రాయడం ఏమంత కష్టం కాదు. బిల్డ్‌సోర్స్ అనే ఫోల్డర్ ప్రాజెక్టులోనే పెట్టి అందులో రాసుకోవచ్చు, ఎక్కడా పబ్లిష్ చెయ్యక్కర్లేదు. ఒక టాస్క్ క్లాసు. దానికి ఇన్‌పుట్ ఫైలు ఏదో చెప్పాలి, అవుట్‌పుట్ డైరెక్టరీ ఏదో చెప్పాలి, పని చేసే ఫంక్షన్ మీద టాస్క్ యాక్షన్ అని గుర్తు పెట్టాలి. అంతే. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ చెప్పకుండా పని మాత్రం రాసేస్తారు. నడుస్తుందా అంటే నడుస్తుంది. కానీ గ్రేడిల్‌కి ఏది దేన్నుంచి పుట్టిందో తెలీదు కాబట్టి ప్రతిసారీ మొదట్నుంచీ చేస్తుంది, అప్పుడు మీరొచ్చి "గ్రేడిల్ స్లో సార్" అంటారు.

ఇంకోటి. పుట్టిన ఫైలుని రిసోర్సెస్ ఫోల్డర్‌లోకి, అంటే యాప్‌తో పాటు వెళ్లే డేటా ఫైళ్లుండే చోటికి, నేరుగా రాయకండి. బిల్డ్ ఫోల్డర్ కింద వేరే చోట రాయండి. ఆ టాస్క్‌నే ఒక రిసోర్స్ ఫోల్డర్‌గా సోర్స్ సెట్‌కి (బిల్డ్ తీసుకునే ఫోల్డర్ల జాబితాకి) చెప్పండి. ఏది ముందు నడవాలో, ఏది తర్వాత నడవాలో గ్రేడిల్ తానే తెలుసుకుంటుంది. పైగా క్లీన్ కొడితే పుట్టినవన్నీ పోతాయి, అసలుది భద్రంగా ఉంటుంది. మేవెన్ అనే ఇంకో జావా బిల్డ్ టూల్ వాడేవాళ్లు ఇదే పనిని జనరేట్ రిసోర్సెస్ అనే ఫేజ్‌కి, అంటే బిల్డ్‌లో ఒక మెట్టుకి, కట్టండి. అది ప్రాసెస్ రిసోర్సెస్‌కి ముందే వస్తుంది కాబట్టి మీ ఫైళ్లు చివరికి తయారయ్యే జావా ప్యాకేజీ, జార్‌లోకి చేరిపోతాయి. కంపైల్ తర్వాత ఫేజ్‌కి కట్టి, "మొదటిసారి రాలేదు సార్, రెండోసారి బిల్డ్ చేస్తే వచ్చింది" అనేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంతవరకూ గొట్టాలు బిగించాం. ఇప్పుడు అందులో పారే నీళ్ల సంగతి చూద్దాం. అసలు సరదా ఇక్కడే ఉంది.

ఎస్టీడీ కోడ్ తీసుకోండి. మన పర్లాకిమిడి కోడ్ ఎంత? ఆఁ, 06815. బరంపురం 0680. భువనేశ్వర్ 0674. కటక్ 0671. విశాఖపట్నం 0891. ఇవన్నీ అంకెల్లా కనబడతాయి కానీ అంకెలు కావు. ఎవరైనా ఎస్టీడీ కోడ్‌ని కూడతారా, హెచ్చవేస్తారా? కూడనిది, హెచ్చవెయ్యనిది నంబరు కాదు, అక్షరాల వరస. ఎక్సెల్‌కి ఆ సంగతి తెలీదు. మామూలు గడిలో 0674 కొడితే ముందున్న సున్నా మింగేసి 674 చూపిస్తుంది. సరే, మన పెద్దాయన తెలివైనవాడు, ఆ నిలువు వరసని టెక్స్ట్ చేసి పెట్టుకున్నాడు. మన కన్వర్టర్ దాన్ని సరిగ్గానే చదివింది. చదివి యామెల్ ఫైల్లో రాసింది, కోట్స్ పెట్టకుండా రాసింది. ఎందుకు పెట్టలేదూ అంటే, యామెల్ లైబ్రరీ వాడకుండా మనవాడెవడో లూపు వేసి స్ట్రింగులు (అక్షరాల వరసలు) అతికించేశాడు.

ఇప్పుడు చూడండి తమాషా. యామెల్ 1.1 నియమం ప్రకారం సున్నాతో మొదలై, 0 నుంచి 7 వరకు అంకెలు మాత్రమే ఉన్నది ఆక్టల్, అంటే పదికి బదులు ఎనిమిది చొప్పున లెక్కించే సంఖ్య. యామెల్ చదివే లైబ్రరీలు స్నేక్‌యామెల్, పైయామెల్ ఇప్పటికీ 1.1 పద్ధతిలోనే చదువుతాయి. 0674లో 8 గానీ 9 గానీ ఉందా? లేదు. అంటే ఆక్టల్. ఆరు అరవైనాలుగులు 384, ఏడు ఎనిమిదులు 56, పైన నాలుగు. మొత్తం 444. భువనేశ్వర్ ఎస్టీడీ కోడ్ 444 అయి కూర్చుంది! కటక్ 0671 ఏమవుతుంది? చెప్పండి... ఆఁ, 441. ఆ అమ్మాయి గబుక్కున చెప్పింది, శభాష్.

మరి మన పర్లాకిమిడి 06815? అందులో 8 ఉంది, ఆక్టల్‌లో 8 ఉండదు, కాబట్టి దాన్ని స్ట్రింగ్‌గానే వదిలేస్తుంది. బరంపురం 0680, అందులోనూ 8 ఉంది, బతికిపోయింది. విశాఖ 0891, బతికిపోయింది. శ్రీకాకుళం 08942, బతికిపోయింది. అర్థమవుతోందా ఎంత మాయగా ఉంటుందో? మీరు ఇక్కడ కూర్చుని మన చుట్టుపక్కల ఊళ్లతో టెస్ట్ చేస్తే అన్నీ బ్రహ్మాండంగా పాసవుతాయి. భువనేశ్వర్ వర్తకుడు ఒక్కడు జాబితాలో చేరిన రోజు తప్పు బయటపడుతుంది. అప్పుడు కూడా అన్ని వరసల్లో రాదు, ఆ ఒక్క వరసలోనే వస్తుంది.

2009లో యామెల్ 1.2 వచ్చి ఆక్టల్‌ని వేరేగా రాయమంది కదా, సమస్య తీరిపోయిందిలే అని ఎవరైనా అంటారేమో. తీరలేదు. 1.2 పద్ధతిలో 0674ని మామూలు పూర్ణసంఖ్యగా చదివి 674 చేస్తారు. బరంపురం 0680 ఇప్పుడు 680. అంటే ముందు బతికినవి కూడా పోయాయి. జేసన్‌లో అయితే కోట్స్ లేకుండా ముందు సున్నా ఉన్న సంఖ్య రాయడమే తప్పు, దాన్ని చదివే పార్సర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. నాకు జేసన్ అందుకే నచ్చుతుంది. యామెల్ మీద నాకున్న కోపం కూడా ఇదే. తెలియనప్పుడు తెలియదు అనదు, ఏదో ఒకటి ఊహించి ముందుకెళ్లిపోతుంది. నార్వే దేశం కోడ్ రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఎన్ ఓ. యామెల్ 1.1 దాన్ని "కాదు" అని చదువుకుని ఫాల్స్ చేస్తుంది. దేశమే అబద్ధమైపోయింది, చూడండి.

ఊహించడం యామెల్ ఒక్కదాని రోగం కూడా కాదు. మనుషుల జీన్లకి శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లలో మార్చ్ 1, సెప్ట్ 1 లాంటివి ఉండేవి. ఎక్సెల్ వాటిని తారీఖులుగా మార్చేస్తోందని చివరికి 2020లో జీన్ల పేర్లే మార్చుకున్నారు. అలాగే ఎక్సెల్ అంకెలు 15 వరకే సరిగ్గా పట్టుకుంటుంది, అంతకంటే పొడుగైన ఖాతా నంబరు కొడితే చివరి అంకెలు సున్నాలైపోతాయి. అది మన కన్వర్టర్ దాకా రాకముందే జరిగిపోయింది, ఇంక మనం ఏం చేసినా తిరిగి రాదు.

అందుకని నా పద్ధతి ఇది. ప్లగిన్ ఏ గడినీ చూసి "ఇది అంకెలా ఉందే" అని అనుకోకూడదు. మొదట అన్నీ స్ట్రింగులే. ఏ నిలువు వరస నంబరో, ఏది తారీఖో, ఏది ఖాళీగా ఉండొచ్చో వేరే చిన్న ఫైల్లో మనమే రాసిపెట్టాలి. రాయకపోతే స్ట్రింగే.

ఆ ఫైల్లోనే తనిఖీ కూడా రాయండి. మన దేశంలో ల్యాండ్‌లైన్‌కి ఒక చక్కని లెక్క ఉంది. సున్నాతో కలిపి ఎస్టీడీ కోడ్, ఫోను నంబరు పక్కపక్కన పెడితే 11 అంకెలు రావాలి. భువనేశ్వర్ కోడ్ నాలుగు అంకెలు, నంబరు ఏడు. మనది కోడ్ ఐదు అంకెలు, నంబరు ఆరు. ఎటు చూసినా 11. కోడ్ 674 అయినా, 444 అయినా లెక్క పదికి పడిపోతుంది, వెంటనే దొరికిపోతుంది. పిన్‌కోడ్ ఆరంకెలు. రాష్ట్రం గడిలో ఒడిశా అని ఉంటే పిన్ 75, 76, 77లలో ఏదో ఒకదానితో మొదలవ్వాలి. మనది 761200. ఆంధ్రలో ఉన్న పాతపట్నం దుకాణానికి పొరపాటున ఒడిశా అని పడిందనుకోండి, పిన్ 53తో మొదలవుతుంది కాబట్టి అక్కడే తెలిసిపోతుంది. నది దాటితే వేరే రాష్ట్రం అయిన ఊరు మనది, ఈ పొరపాటు రోజూ పడేదే.

తప్పు దొరికాక ప్లగిన్ ఏం చెయ్యాలి? వార్నింగ్ ఇచ్చి ఊరుకోవాలా? వార్నింగులు ఎవరు చదువుతారండీ, మీరు చదువుతారా? బిల్డ్ ఆగిపోవాలి. ఎర్రగా ఆగిపోవాలి. కాకపోతే ఆ ఎర్రర్ ఎవరికోసం రాస్తున్నారో గుర్తుంచుకోండి. "నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్" అని వస్తే మీకు అర్థమవుతుంది, దిద్దాల్సింది మాత్రం బజారులో పెద్దాయన. "షీటులో 47వ వరస, ఎస్టీడీ కోడ్ గడిలో 674 ఉంది, ముందు సున్నా పోయినట్టుంది" అని రావాలి. అదే ముక్క ఆయనకి వాట్సాప్‌లో పంపిస్తే పని అయిపోవాలి, మీరు మధ్యలో కూర్చుని వివరించక్కర్లేదు. ఇంకోటి, మొదటి తప్పు దగ్గరే ఆపెయ్యకండి. మొత్తం షీటు చదివి తప్పులన్నీ ఒకేసారి చెప్పండి. రోజుకో తప్పు చొప్పున ఆయనకి ఫోన్ చేస్తే మూడో రోజుకి ఆయన ఫోన్ ఎత్తరు.

కామాల గురించి గబగబా చెప్పేస్తాను. షీటుని సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన టెక్స్ట్ ఫైలుగా, దాచారనుకోండి. చిరునామా గడిలో వీధి పేరు, కామా, ఊరి పేరు ఉంటుంది. కామా దగ్గర ముక్కలు కొడితే ఒక గడి రెండైపోతుంది. కోట్స్ ఎప్పుడు పెట్టాలి, కోట్స్ లోపల కోట్స్ వస్తే ఏం చెయ్యాలి, గడిలో కొత్త లైను వస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ 2005లో ఆర్ఎఫ్‌సీ 4180 అనే ఇంటర్నెట్ పత్రంలో రాసిపెట్టారు. లైబ్రరీలు ఉన్నాయి, అవి వాడండి. జావాలో స్ప్లిట్ ఫంక్షన్‌కి ఇంకో గుణం ఉంది, లైను చివర ఖాళీ గడులుంటే చెప్పకుండా పారేస్తుంది. ఆఖరి నిలువు వరస ఖాళీగా ఉన్న దుకాణాలకే ప్రోగ్రామ్ పేలిపోతుంది, మీరు రాత్రంతా వెతుకుతారు.

ట్యాలీ నుంచి ఎక్స్ఎమ్ఎల్ (ట్యాగులతో రాసే రూపం) తీసి జేసన్ చేసేవాళ్లకి ఒక్క హెచ్చరిక. ఒక దుకాణానికి రెండు ఫోన్లుంటే కన్వర్టర్ దాన్ని జాబితా చేస్తుంది, ఒక్క ఫోనే ఉంటే జాబితా చెయ్యదు, ఒంటరిగా వదిలేస్తుంది. ఒకటున్నా, అసలు లేకపోయినా అది జాబితాయే అని ముందే చెప్పి ఉంచాలి.

ఇంక అక్షరాలు. మన ఊళ్లో ఇది తప్పించుకోలేం. తెలుగు, ఒడియా రెండూ ఉంటాయి కదా.

జావా ప్రాపర్టీస్ ఫైలు పాత కాలంలో లాటిన్ అక్షరాలే చదివేది. తెలుగు పెట్టాలంటే ఒక్కో అక్షరాన్ని బ్యాక్‌స్లాష్, యు, నాలుగంకెల కోడ్‌గా రాయాలి. నేటివ్ టు ఆస్కీ అని జేడీకే (జావా ప్రోగ్రాములు రాసే సామగ్రి)తో ఒక పనిముట్టు వచ్చేది, దానికి మేవెన్ ప్లగిన్ కూడా ఉంది. "పర్లాకిమిడి" అన్న పేరులో యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టిక) లెక్కన 11 గుర్తులున్నాయి, ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కపెడితే. ఆ ప్లగిన్ దాన్ని 66 అక్షరాల చాంతాడు చేస్తుంది. చదవగలరా? ఎవరూ చదవలేరు. అది బిల్డ్ లోపలే ఉండాలి, బయట మాత్రం మామూలు తెలుగు ఉండాలి అన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. 2017లో జావా 9 వచ్చాక రిసోర్స్ బండిల్స్ (భాషకొకటి పెట్టుకునే ఆ ప్రాపర్టీస్ ఫైళ్లు) యూటీఎఫ్ 8, అంటే యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతిలో, చదువుతున్నాయి, ఆ పనిముట్టునీ జేడీకేలోంచి తీసేశారు. కానీ జాగ్రత్త, ప్రాపర్టీస్ క్లాసుతో ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి నేరుగా లోడ్ చేస్తే ఇప్పటికీ పాత పద్ధతే. "జావా 21 వాడుతున్నాం సార్, అయినా పిచ్చి గీతలు వస్తున్నాయి" అంటే ముందు అది చూడండి.

మీ లైనక్స్ ల్యాప్‌టాప్‌లో బాగా వచ్చి, ఫ్రెండు విండోస్‌లో ప్రశ్నార్థకాలు వస్తే అది డిఫాల్ట్ ఎన్‌కోడింగ్, అంటే మనం చెప్పకపోతే అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి, గొడవ. 2022లో జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్ 8 అయింది. అయినా నేను ప్రతిచోటా యూటీఎఫ్ 8 అని స్పష్టంగా రాస్తాను, రాయడానికి రెండు సెకన్లు.

ఎక్సెల్‌లో తెలుగు సీఎస్‌వీ డబుల్ క్లిక్ చేసి తెరవాలంటే ఫైలు మొదట్లో బామ్ అని మూడు కనబడని బైట్లు ఉండాలి, లేకపోతే చెత్త కనబడుతుంది. అవి ఉంటేనేమో మన ప్రోగ్రామ్‌లో మొదటి నిలువు వరస పేరుకి అంటుకుపోతాయి. "పేరు అనే కాలమ్ లేదు" అంటుంది, స్క్రీన్ మీద చూస్తే పేరు అనే ఉంటుంది. చదివేటప్పుడు బామ్ ఉంటే తీసెయ్యండి, అంతే.

ఇది మాత్రం ఒడిశాలో ఉన్నవాళ్లే ముందు పట్టుకోవాల్సిన సంగతి. ఒడిశా అన్న పేరుని ఒడియాలో ఎలా రాస్తారు? డ అక్షరం కింద చుక్క పెడతారు కదా. ఆ చుక్క డ యూనికోడ్‌లో రెండు రకాలుగా ఉంది. చుక్కతో కలిపి ఒకే కోడ్‌గా ఒకటి, డ వేరు, చుక్క వేరు, రెండు కోడ్‌లుగా ఇంకొకటి. కంటికి తేడా లేదు. కంప్యూటర్‌కి మాత్రం రెండూ వేరువేరు పదాలు. పెద్దాయన కీబోర్డు ఒక రకం, వాళ్లబ్బాయి ఫోను ఇంకో రకం అయితే, రాష్ట్రం గడిలో ఒడిశా అని వెతికితే సగం దుకాణాలే దొరుకుతాయి. మందు ఏమిటంటే, మార్చేటప్పుడే ప్రతి స్ట్రింగునీ ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్‌కి, అంటే ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే రకంగా రాసే రూపానికి, తెచ్చుకోవడం. జావాలో నార్మలైజర్ అనే క్లాసు ఉంది, ఒక్క లైను పని. ఎన్ఎఫ్‌సీ అంటే కలిపేస్తుంది అనుకుంటారు కానీ ఈ ఒడియా డ విషయంలో విడదీసే ఉంచుతుంది. ఫర్వాలేదు, అందరికీ ఒకేలా ఉంచితే చాలు. మన తెలుగు ఐత్వానికి కూడా విడిగా రాసే రూపం ఒకటి ఉంది, అదీ దీనితోనే సరిపోతుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, తర్వాత మీ ప్రశ్నలు. అదే షీటు నుంచి ఎన్నిసార్లు మార్చినా బైటు బైటుకీ అదే ఫైలు రావాలి. రాకపోతే హ్యాష్‌లు కలవవు, క్యాష్ (ముందు చేసి దాచింది మళ్లీ వాడుకోవడం) పనిచెయ్యదు, చూసేవాళ్లకి ఏదో మారిందనిపిస్తుంది. దీన్ని చెడగొట్టేది ఎవరో తెలుసా? జావా ప్రాపర్టీస్ క్లాసులోని స్టోర్ ఫంక్షన్. ఫైలు నెత్తిమీద ఈ రోజు తారీఖు, టైము ఒక కామెంటుగా రాస్తుంది. అడక్కుండానే రాస్తుంది. గ్రేడిల్ వాళ్లు ఈ బాధ పడలేకే రైట్ ప్రాపర్టీస్ అని వేరే టాస్క్ ఇచ్చారు, అది తారీఖు రాయదు, కీలని వరసలో పెడుతుంది. మీరు జేసన్ రాసేటప్పుడు కూడా హ్యాష్ మ్యాప్‌లో వచ్చిన వరసలో రాయకండి, ఎప్పుడూ మారని ఒకే క్రమంలో పేర్చి రాయండి.

ఇప్పుడు అడగండి.

(ఒక విద్యార్థిని: పుట్టిన జేసన్‌ని గిట్‌లో పెట్టాలా వద్దా?)

వద్దమ్మా. గిట్ పట్టించుకోని ఫైళ్ల జాబితా ఉంటుంది కదా, గిట్ ఇగ్నోర్, అందులో పెట్టెయ్. పెడితే ఎవడో ఒకడు దాన్నే దిద్దుతాడు, మనం మళ్లీ మొదటికి వస్తాం. ఒకవేళ మార్పులు కళ్లతో చూసుకోవాలి అనుకుంటే, షీటుని ఎక్సెల్‌గా కాకుండా సీఎస్‌వీగా గిట్‌లో పెట్టండి. ఎక్సెల్ ఫైలు అంటే లోపల జిప్, అందులో ఎక్స్ఎమ్ఎల్‌లు, గిట్‌లో తేడా చూపించమంటే ఏమీ చూపించదు. సీఎస్‌వీ అయితే ఏ దుకాణం నంబరు మారిందో లైను లైనుకీ కనబడుతుంది.

(ఇంకొకరు: మాది జావా కాదు సార్, వీట్ అనే వెబ్ బిల్డ్ టూల్‌తో వెబ్‌సైటు. మాకూ ప్లగిన్లు ఉన్నాయా?)

ఉన్నాయి. వీట్ లోపల నడిచేది రోలప్ అనే ఇంకో వెబ్ టూల్ పద్ధతి ప్లగిన్లే. జేసన్‌ని వీట్ సొంతంగానే తీసుకుంటుంది, సీఎస్‌వీకి రోలప్ వాళ్ల డీఎస్‌వీ ప్లగిన్ ఉంది, యామెల్‌కి వేరే ప్లగిన్ ఉంది. సొంతంగా రాసుకున్నా ట్రాన్స్‌ఫామ్ అనే ఒక్క ఫంక్షన్ చాలు. ఫైలు టెక్స్ట్ వస్తుంది, దాన్ని జావాస్క్రిప్ట్ మాడ్యూల్‌గా మార్చి తిరిగి ఇవ్వాలి. కానీ 0674 సంగతి అక్కడా అదే. రెడీమేడ్ ప్లగిన్ వాడితే ముందు ఒక భువనేశ్వర్ నంబరు పెట్టి ఏమొస్తుందో చూడండి, తర్వాత నమ్మండి.

(వెనక నుంచి ఒకరు: మా ఊళ్లో సొర (సవర) భాషలో కూడా పేర్లు కావాలంటున్నారు. సొర సొంపెంగ్ లిపిలో.)

ఆఁ, మంచి ప్రశ్న, ఇది నేను చెప్పాల్సింది, మర్చిపోకుండా అడిగావు. 1936లో మంగేయి గొమాంగో తయారు చేసిన లిపి అది, మన ఊరు ఒరిస్సాలోకి వెళ్లిన సంవత్సరమే. 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. అయితే అది తెలుగు, ఒడియాల్లాగా మొదటి 65 వేల కోడ్‌లలో లేదు, ఆ పైన ఉంది. అంటే యూటీఎఫ్ 8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, సొర అక్షరానికి నాలుగు. జావాలో ఒక్క సొర అక్షరాన్ని పొడవు అడిగితే రెండు అంటుంది. పేరుని 20 అక్షరాలకి కత్తిరించే కోడ్ మీ ప్లగిన్‌లో ఉంటే అక్షరం మధ్యలో తెగి ప్రశ్నార్థకం వస్తుంది. కోడ్ పాయింట్ల (యూనికోడ్ నంబర్ల) లెక్కన కత్తిరించాలి, అసలు కత్తిరించకపోతే ఇంకా మంచిది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో పాత యూటీఎఫ్ 8 అన్నది మూడు బైట్లే పడుతుంది, సొర పేరు పెడితే "ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ" అని తన్నేస్తుంది, యూటీఎఫ్ 8 ఎంబీ 4 పెట్టుకోవాలి. నీ దగ్గర ఆ పేర్లు టైపు చేసినవి ఉన్నాయా? పెన్ డ్రైవ్‌లోనా? తీసుకురా, ఇక్కడే షీటులో ఒక నిలువు వరస కలిపి బిల్డ్ కొట్టి చూద్దాం. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందుకి రండి, ఆ ప్లగ్గు బోర్డు ఇటు తిప్పండి ఎవరైనా.